ఈశాన్య వానలు దిగకముందే: చెన్నై వీధి సైకిల్ రైడ్లకు జాగ్రత్తలు

చెన్నై వానకాలం మన తెలుగు ఊళ్ల వానకాలం కాదు. జూన్‌లో తొలకరి, దసరాకల్లా తెరిపి అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు 20 ప్రాంతంలో దిగి డిసెంబరు చివరిదాకా ఉంటాయి. ఊళ్లో ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా ఈ కొద్ది వారాల్లోనే పడుతుంది. సముద్రం మీంచి వచ్చే ఈ మేఘాలకు ఇంకో గుణం ఉంది: తీరం వెంబడి అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఎక్కువగా కురుస్తాయి. అపార్ట్‌మెంటు సంఘాలూ వీధి బృందాలూ ఆదివారం సైకిల్ రైడ్లు పెట్టుకునేది సరిగ్గా ఆ వేళకే.

అలాగని మూడు నెలలు రైడ్లు మానేయనక్కర్లేదు. ఏడాదంతా ఇంటింటికీ తిరిగి కూడగట్టిన మనుషులు ఒకసారి చెదిరిపోతే మళ్లీ పోగుచేయడం చాలా కష్టం. అయితే తయారీ మాత్రం సెప్టెంబరులోనే మొదలవ్వాలి. అన్నిటికన్నా ముందు పెట్టుకోవాల్సిన నియమం ఒకటుంది: గుంపులో అందరికన్నా బలహీనమైన బ్రేకు ఎవరిదో కనిపెట్టి, రైడ్ మొత్తాన్ని ఆ సైకిల్ లెక్కన నడపాలి. సాధారణంగా అది ఏ ఎనిమిదేళ్ల పిల్లదో అయి ఉంటుంది.

అయస్కాంతం, మగ్గుడు నీళ్లు

వీధి రైడ్‌కు ఖరీదైన గేర్ల సైకిళ్లకన్నా పిల్లల సైకిళ్లు, కడ్డీ బ్రేకుల నల్ల సైకిళ్లే ఎక్కువ వస్తాయి. వాటిలో చాలావాటి రిమ్ము ఉక్కుది, పైన మెరుగు పూత ఉంటుంది. అల్యూమినియం రిమ్ము తడిస్తే, చక్రం రెండు మూడు చుట్లు తిరిగేలోగా బ్రేకు రబ్బరు నీటిని తుడిచేసి పట్టు అందుకుంటుంది. మెరుగు పూత ఉక్కు మీద అలా కాదు. రబ్బరు జారుతూనే ఉంటుంది, పొడిగా ఉన్నప్పటి పట్టులో చాలావరకు పోతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 4 మీటర్లకు పైనే. బ్రేకు ఒక్క సెకను ఆలస్యంగా పట్టినా, ముందు ఆగిన ఆటోకు సైకిల్ తగిలే దూరం అది.

రిమ్ము దేనితో చేసిందో తెలుసుకోవడానికి ఫ్రిజ్ మీది అయస్కాంతం చాలు. అంటుకుంటే ఉక్కు. సెప్టెంబరు ఆఖరి ఆదివారం రైడ్‌కు బదులు సైకిళ్ల చెకప్ పెట్టండి. పార్కింగ్‌లో సుద్దతో ఒక గీత గీసి, అక్కడి నుంచి 4 మీటర్లకు ఇంకొకటి గీయండి. రిమ్ములకు రెండు పక్కలా మగ్గుతో నీళ్లు పోసి, పరుగులాంటి వేగంతో, అంటే గంటకు 10 కిలోమీటర్లతో రమ్మనండి. మొదటి గీత దగ్గర రెండు బ్రేకులూ కలిపి పట్టాలి. రెండో గీత దాటేలోగా ఆగని సైకిల్ తడి రోడ్డు రైడ్‌కు రాకూడదు. పిల్లలు ఏడ్చినా, తల్లిదండ్రులు బతిమాలినా ఈ ఒక్క మాట మీద నిలబడండి. పొడి రోజుల్లో వాళ్లను ఎలాగూ తీసుకెళ్తారు.

రబ్బర్ల మీది గీతలు అరిగి నున్నగా అయితే మార్చాల్సిందే. గీతలు ఉన్నా రబ్బరు గట్టిపడి గోరు దిగకపోతే అదీ మార్చాలి. రబ్బరులో ఇరుక్కున్న ఇసుక రేణువులను, మెరిసే లోహపు ముక్కలను పిన్నీసుతో తీసి, పైపొరను గరుకు కాగితంతో రుద్దండి. రబ్బరు పూర్తిగా రిమ్ము మీదే ఆనాలి. పైకి జరిగి టైరును తాకితే కొద్ది రైడ్లలోనే టైరు పక్కను కోసేస్తుంది. బ్రేకు బిగబట్టినప్పుడు పిడికి, హ్యాండిలుకు మధ్య రెండు వేళ్ల సందు మిగలాలి.

బ్రేకు వైరు సంగతి చాలామంది మరిచిపోతారు. పైగొట్టం కిందికి వంగి మళ్లీ లేచే చోట నీళ్లు చేరి లోపలి తీగ తుప్పు పడుతుంది. సముద్రపు గాలి తగిలే బీసెంట్ నగర్, తిరువాన్మియూర్, కొట్టివాక్కం వంటి చోట్ల ఈ తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. పిడి వదిలాక బ్రేకు బద్ధకంగా వెనక్కి వస్తుంటే నూనె చుక్కలతో సరిపెట్టకుండా తీగను, గొట్టాన్ని రెండింటినీ మార్చండి. డిస్కు బ్రేకులవాళ్లు ప్యాడ్ మందం చూసుకోవాలి. 1 మిల్లీమీటరుకు తగ్గితే కొత్తవి వేయాలి, ఎందుకంటే ఇసుక కలిసిన బురద వాటిని మామూలుకన్నా ఎంతో వేగంగా అరగదీస్తుంది. డిస్కు దగ్గర నూనె స్ప్రే కొట్టకండి.

మిగతా సైకిల్

టైరులో గాలి కొంచెం తగ్గించండి. 60 పీఎస్ఐతో తొక్కే 35 మిల్లీమీటర్ల హైబ్రిడ్ టైరును 52–55కు దించితే రోడ్డును కాస్త ఎక్కువ పట్టుకుంటుంది. టైరు పక్కన రాసిన కనిష్ఠానికి మాత్రం తగ్గకూడదు. వానలో పంక్చర్లు పెరగడానికి కారణముంది: తడి గాజుపెంకు రబ్బరులోకి సులువుగా దిగుతుంది, తడిసిన చక్రానికి అంటుకుని తిరుగుతూ ఇంకా లోపలికి పోతుంది. తడి ట్యూబు మీద ప్యాచ్ అతకదు కాబట్టి ప్యాచ్ డబ్బాను నమ్ముకోకుండా కొత్త ట్యూబులే పట్టుకెళ్లండి. 20 మందికి 26 అంగుళాలవి రెండు, హైబ్రిడ్ సైకిళ్లకుండే 700సీ సైజువి రెండు, 20 అంగుళాలది ఒకటి, పంపు ఒకటి, టైరు లివర్లు మూడు. పాత రకం వాల్వుకుండే సన్న రబ్బరు గొట్టం ముక్కలు నాలుగు కూడా వేసుకోండి. ఆ ముక్క చిట్లితే ట్యూబు బాగున్నా గాలి నిలవదు.

చైనుకు వంటనూనె పూయకండి, నాలుగు రోజులకే జిగురై ఇసుకను పోగుచేస్తుంది. వానకాలానికని అమ్మే చిక్కటి చైను నూనెను ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పది నిమిషాలాగి పైన కనిపించేదంతా గుడ్డతో తుడిచేయాలి. పనిచేసేది లింకుల లోపలికి దిగిన నూనే.

లైట్లు తప్పనిసరి. అక్టోబరు చివర్లో సూర్యోదయం 6 గంటలకు, డిసెంబరు చివర్లో 6:30కు. టైరుకు ఆనించే డైనమో తడి టైరు మీద జారి, సరిగ్గా వానలోనే లైటు ఆరిపోతుంది. వెనక బ్యాటరీతో వెలిగే ఎర్ర లైటు పెట్టించండి. మడ్‌గార్డు లేని సైకిల్ వెనకవాళ్ల కళ్లలోకి బురద చిమ్ముతుంది, కాబట్టి అది గుంపులో చివర ఉండాలి. వదులు పోంచోలు వద్దు, అంచు చక్రంలో చిక్కుకుంటుంది, చేతి సైగ కూడా కనిపించదు. నడుము దగ్గర బిగిసే రెయిన్‌కోటు మేలు. చున్నీని ముడివేసి లోపల దోపుకోవాలి.

దారిని రెండుసార్లు చూడాలి

పొడి రోజున ఒకసారి, గట్టి వాన పడిన మర్నాడు ఒకసారి. రెండోసారి చూసినప్పుడే అసలు సంగతులు తెలుస్తాయి. గోడల మీద నీళ్లు నిలిచిన గీత, రోడ్డు కోసుకుపోయిన చోటు, మూత లేని మ్యాన్‌హోలు చుట్టూ ఎవరో పాతిన చెట్టుకొమ్మ, అన్నీ ఫోటో తీసి మ్యాపులో గుర్తు పెట్టుకోండి. మూతలేని మ్యాన్‌హోళ్లు, నిలిచిన నీళ్ల గురించి చెన్నై కార్పొరేషన్‌కు 1913లో చెప్పవచ్చు.

సబ్‌వేలు, అంటే రైలు పట్టాల కింది నుంచి పోయే రోడ్లు, ఉన్న దారి ఈ మూడు నెలలు వద్దు. టి.నగర్‌లో దురైస్వామి సబ్‌వే, కోడంబాక్కం వైపు రంగరాజపురం, వ్యాసర్పాడిలో గణేశపురం వంటివి గట్టి వానకు నిండిపోతాయి. వేళచ్చేరి, పళ్లికరణై, మడిపాక్కం పక్క లోతట్టు వీధులూ అంతే. కుటుంబాల రైడ్‌కు ఫ్లైఓవర్లు, అడయారు మీది వంతెనలు కూడా మంచివి కావు, పక్కగాలి పిల్లలను ఒక్కసారిగా బండ్ల వైపు నెట్టేస్తుంది.

జారే చోట్లు: జీబ్రా గీతలు, ఇనుప మూతలు, మెట్రో పనుల దగ్గర పరిచిన ఇనుప పలకలు, లారీలు వదిలిన బంకమట్టి, రాలి కుళ్లిన పూలు, ఆకులు. వీటి మీద మలుపు తిప్పకూడదు, బ్రేకు వేయకూడదు. వేగం ముందే తగ్గించుకుని హ్యాండిల్ తిన్నగా ఉంచి దాటాలి. వానకాలువ జాలీ చువ్వలు దారికి సమాంతరంగా ఉంటే సన్న టైరు సందులోకి దిగిపోతుంది. అలాంటివి కనిపిస్తే ఆ వీధినే మార్చండి.

దారిని పొడుగ్గా పోయి వచ్చేలా కాకుండా పువ్వు రేకుల్లా వేయండి. 3, 4 కిలోమీటర్ల చుట్లు మూడు, ప్రతి చుట్టూ బయలుదేరిన చోటికే వస్తుంది. వాన ముదిరితే ఇల్లు దూరం కాదు. ఒక్కో చుట్టులో ఆగడానికి కాంక్రీటు కప్పున్న చోటు ఒకటి, కల్యాణ మండపమో అపార్ట్‌మెంటు పార్కింగో, ముందే అడిగి ఉంచుకోండి.

రద్దు చేసే అధికారం ఒక్కరికే

నుంగంబాక్కంలోని ప్రాంతీయ వాతావరణ కేంద్రం హెచ్చరికలను శనివారం సాయంత్రం 6 గంటలకు చూడండి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు మించితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. తమిళ వార్తల్లో 'కనమళై' అంటే మొదటిది, 'మిగ కనమళై' అంటే రెండోది. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు ఈ రెండు మాటలూ నేర్పండి, టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు చదవలేకపోయినా చెవిన పడితే అర్థమవుతుంది.

చెన్నైకి ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఉంటే అప్పుడే రద్దు. ఎల్లో ఉంటే తెల్లవారి 4:30కు మళ్లీ చూడాలి. వచ్చే మూడు గంటల అంచనాలో ఉరుముల మాటున్నా, రాత్రి కురిసిన వాన ఇంకా పడుతున్నా రద్దు. నిర్ణయం ఒక్కరిదే, ఓటింగు పెట్టకూడదు. గ్రూపులో చర్చ మొదలైతే ఉత్సాహం ఉన్నవాళ్లే గెలుస్తారు, పిల్లలున్నవాళ్లు మొహమాటపడి ఊరుకుంటారు. "రేపటి రైడ్ రద్దు. పొద్దున తెరిపిచ్చినా మళ్లీ పెట్టం" అని చిన్న మెసేజీ పంపండి. అది చూడకుండా వచ్చేవాళ్ల కోసం బయలుదేరే చోట ఒకరు నిలబడాలి.

తుఫాను దాటిన వారం కూడా రైడ్ వద్దు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను ఊళ్లో వేలాది చెట్లను కూల్చింది. నానిన నేలలో వేరు వదులైన చెట్టు, సగం విరిగి వేలాడే కొమ్మ, గాలి ఆగాక కూడా పడతాయి.

నీళ్లు, కరెంటు, పిడుగు

అడుగు కనిపించని నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. ముందు బండి వెళ్లింది కదా అని వెళ్లకూడదు, దాని రెండు చక్రాల మధ్య నుంచి మ్యాన్‌హోలు తప్పించుకుని ఉండొచ్చు. పారే నీళ్లయితే జానెడు లోతు కూడా లేకుండానే మనిషి కాళ్లను లాగేస్తాయి.

ఫుట్‌పాత్‌ల పక్కనుండే కరెంటు పెట్టెలు, వీధి దీపాల స్తంభాలు నీళ్లలో ఉంటే ఆ వీధి నుంచి వెనక్కి తిరగండి. సైకిల్‌ను స్తంభానికి ఆనించవద్దు, గొలుసుతో కట్టవద్దు. తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా జనాన్ని ఆపి, కరెంటు వాళ్ల మిన్నగం నంబరు 94987 94987కు చెప్పాలి. బయలుదేరే చోట మైకు పెడితే బ్యాటరీ స్పీకరే వాడండి. ఇంటి నుంచి వైరు లాగక తప్పకపోతే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) ఉన్న లైను నుంచే లాగి, ప్లగ్ బోర్డును నేల మీద కాకుండా బల్ల మీద, కప్పు కింద ఉంచండి.

ఉరుము వినిపించిందంటే అందరూ పక్కా భవనంలోకి. చెట్టు కింద, షామియానా కింద నిలబడితే లాభం లేదు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

గుంపు నడక

పన్నెండు మందికి ఒక జట్టు. ముందొకరు, మధ్యలో ఒకరు, చివర ఒకరు తెలిసినవాళ్లుండాలి. చివర ఉండే మనిషి దగ్గరే ట్యూబులు, మందుల డబ్బా. తడి రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు, మధ్యలో ఐదు సైకిళ్లు పట్టే సందు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఒక్కొక్కరికి ఒక పెద్ద, పిల్లకు కుడి పక్కన, అరచక్రం వెనగ్గా.

కేకల మాట ముందే తేల్చుకోండి. తమిళులు గుంత కనిపిస్తే 'పళ్ళం' అంటారు. తెలుగువాళ్లకు పల్లమంటే దిగువ నేల, దిగుడు వస్తుందనుకుని తొక్కడం ఆపి నేరుగా గుంతలోకే పోతారు. జట్టంతటికీ ఒకటే మాట, చేత్తో ఒకటే సైగ ఉండాలి.

ఎవరైనా పడితే జట్టంతా ముందు రోడ్డు పక్కకు రావాలి. తలకు దెబ్బ తగిలి వాంతి, మగత, మాట తడబాటు ఉంటే వెంటనే 108. అందరి ఇళ్ల నంబర్లు కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, తడిసిన ఫోను తెరుచుకోదు.

ఇంటికొచ్చాక

సైకిల్‌ను మగ్గుతో కడగండి, ఒత్తిడితో కొట్టే పైపు వద్దు, అది చక్రాల ఇరుసుల్లోని గ్రీజును తోసేసి నీళ్లను లోపలికి పంపుతుంది. సీటు గొట్టం ఎత్తు టేపుతో గుర్తుపెట్టి, బయటికి తీసి, సైకిల్‌ను తలకిందులుగా అరగంట ఉంచితే ఫ్రేములో చేరిన నీళ్లు కారిపోతాయి. తర్వాత చైను తుడిచి నూనె వేయాలి.

ముందు మాత్రం కాళ్లు చూసుకోండి. గీరుకున్న చోటల్లా సబ్బుతో కడగాలి. నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, చిన్న గాయం గుండా కూడా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. జ్వరం మర్నాడే రానక్కర్లేదు, నాలుగు వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. ఒళ్లునొప్పులు, పిక్కల నొప్పితో జ్వరం వస్తే సొంతంగా మాత్రలు మింగి ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ రోజున, ఏ వీధి నీళ్లలో దిగారో కూడా చెప్పండి.