ఏటా గ్యాస్ ఎక్కిస్తున్నారా? పాత ఏసీ మార్చే ముందు ఇవి చూడండి

"పోయినేడే గ్యాస్ ఎక్కించాం, మళ్ళీ చల్లగా రావట్లేదు." శ్రీకాకుళంలో ఎండలు ముదిరితే ఏసీ మెకానిక్‌గా నేను రోజూ వినే మాట ఇది. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. అది ఎక్కడో తెలిస్తే ఏసీ మార్చాలా, ఉంచాలా అన్నది సగం తేలిపోతుంది.

సమస్య: గాలి వస్తోంది, చల్లదనం లేదు
ముందు ఫిల్టర్ కడగండి. ఔట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతున్నా కంప్రెసర్ మూలిగి ఆగిపోతుంటే చాలాసార్లు కెపాసిటరే (మోటారు తిరగడం మొదలవడానికి ఊపిచ్చే చిన్న భాగం) కారణం. వందల్లో తేలే పని, దానికోసం ఏసీ మార్చేయకండి. స్విచ్ ఆపినా అందులో కరెంటు నిలవ ఉంటుంది, మీరు చెయ్యి పెట్టొద్దు. రాత్రిళ్ళు మాత్రమే ఇలా అవుతుంటే వోల్టేజ్ తగ్గుతోందేమో చూపించండి.

సమస్య: ఏటా గ్యాస్ తగ్గిపోతోంది
రాగి గొట్టాల నట్ల దగ్గర సబ్బు నురగ రాస్తే బుడగలొచ్చాయా, అదృష్టమే. గొట్టం చివర కత్తిరించి మళ్ళీ ఫ్లేర్ చేసి (అంచుని గరాటులా వెడల్పు చేసి) బిగిస్తే సరి. ఆ తర్వాత నైట్రోజన్‌తో ప్రెషర్ పరీక్ష, వాక్యూమ్ (లోపలి గాలి, తేమ పంపుతో లాగేయడం), అప్పుడే తూకం ప్రకారం గ్యాస్. ఇవేవీ చేయకుండా గ్యాస్ కొట్టి వెళ్ళిపోతే మీ డబ్బు గాలిలో కలిసినట్టే.

కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, దానికి సన్నటి రెక్కలుంటాయి) కారుతుంటే కథ వేరు. కళింగపట్నం వైపు ఒకరింట్లో ఏడేళ్ళ ఏసీ చూశాను. ఔట్‌డోర్ వెనక అల్యూమినియం రెక్కల్ని వేలితో తాకితే తెల్లటి పొడిలా రాలాయి. లోపలి గొట్టం మీద నూనె జిడ్డుకి దుమ్ము అంటుకుని నల్లగా గడ్డకట్టింది. ఉప్పు గాలి చేసిన పని అది. అలాంటిదాన్ని ఒకచోట అతికిస్తే కొన్నాళ్ళకి పక్కన కారుతుంది. కాయిల్ మొత్తం మార్చాలి, లేదా ఏసీయే మార్చాలి.

లేబుల్ మీద ఆర్-22 అని ఉందా? ఓజోన్ పొరకి చేటు చేసే గ్యాస్ కాబట్టి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలో 2030 నాటికి దాదాపుగా ఆపేస్తారు. అలాంటి ఏసీకి కాయిల్ మార్పించమని నేను చెప్పను. బదులుగా కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాస్ ఎక్కిస్తామంటే అసలు ఒప్పుకోకండి. దాని ప్రెషర్ ఎక్కువ, పైగా అంటుకునే గుణం ఉంది. పాత మెషీన్ దానికోసం చేసింది కాదు.

సమస్య: చల్లబడుతోంది, బిల్లు మాత్రం పెరిగింది
రూపాయలు కాదు, నిరుడు ఇదే నెల యూనిట్లతో పోల్చండి. ఔట్‌డోర్ కాయిల్ నీళ్ళతో కడిగించాక కూడా తగ్గకపోతే కంప్రెసర్ అరిగి ఉండొచ్చు. వారంటీ కార్డు వెతకండి, కంప్రెసర్‌కి ఇంకా మిగిలి ఉండొచ్చు. వారంటీ లేదు, పదేళ్ళు దాటింది, రిపేరు ఖర్చు కొత్త ఏసీ ధరలో సగానికి వస్తోందంటే మార్చేయండి.

కొత్తది రాగి కాయిల్, తుప్పు పట్టని పూత ఉన్నది తీసుకోండి. ఔట్‌డోర్‌ని సముద్రం గాలి నేరుగా కొట్టని గోడకి పెట్టించండి. గోడలో ఉన్నాయి కదా అని పాత గొట్టాలకే బిగించనివ్వకండి. వాటిలో మిగిలిన పాత నూనె కొత్త కంప్రెసర్‌కి పడదు.