నాయకత్వ బృందం పరిచయాలు ఎలా రాయాలి? విద్య, సామాజిక ఆవిష్కరణ రంగాల స్వచ్ఛంద సంస్థల కోసం

స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైటులో ‘మా బృందం’ పేజీని పనిగట్టుకుని తెరిచేవాళ్ళు ముఖ్యంగా ముగ్గురు. విరాళం ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవాల్సిన దాత, ఈ సంస్థను తన బడిలోకి రానివ్వాలా అని ఆలోచిస్తున్న ప్రధానోపాధ్యాయురాలు, అక్కడ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టబోతున్న యువకుడు. ముగ్గురూ వెతికేది ఒకటే: ఈ మనిషి ఈ కుర్చీలో ఎందుకు ఉన్నారు? పరిచయం చదివాక ఆ జవాబు దొరకాలి. దొరక్కపోతే ఎన్ని డిగ్రీలు, ఎన్ని పురస్కారాలు రాసినా అది బయోడేటా మాత్రమే.

తొమ్మిది పదిమంది ఉన్న బృందానికి ఈ పని సక్రమంగా చేయాలంటే మూడు వారాలు పెట్టుకోండి. రాత పని అందులో మూడు నాలుగు రోజులే. మిగతా సమయమంతా వివరాలు రాబట్టడానికి, సరిచూడటానికి, సమ్మతి తీసుకోవడానికి పోతుంది. చాలా సంస్థలు ఒక్క సాయంత్రంలో అందరి పరిచయాలూ రాసేసి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాటిని సరిదిద్దుకుంటూనే ఉంటాయి.

మొదటి అడుగు: ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో తేల్చుకోండి

పేర్లకన్నా ముందు హోదాల జాబితా రాయండి. మూడు వర్గాలు వేరువేరుగా ఉండాలి. పాలకమండలి, అంటే ట్రస్టీలు లేదా డైరెక్టర్లు లేదా కార్యవర్గం, చట్టప్రకారం బాధ్యత వహిస్తుంది. ముఖ్య కార్యనిర్వాహకులు జీతం తీసుకుని రోజువారీ పని నడుపుతారు. సలహాదారులు సలహా ఇస్తారు, కానీ వాళ్ళకు ఓటు ఉండదు. ఈ మూడింటినీ ఒకే వరుసలో కలిపి పెడితే, ఏడాదికి ఒకసారి ఫోనులో మాట్లాడే ప్రముఖ సలహాదారు సంస్థను నడుపుతున్నట్టు కనిపిస్తారు. అది పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించడమే.

పాలకమండలి పేర్లు ప్రభుత్వ రికార్డుతో అక్షరాలా సరిపోవాలి. పెద్ద దాతలు పక్కపక్కన పెట్టి చూస్తారు. అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న సంస్థ పూర్తి ఫారం 990 (పన్ను శాఖకు ఏటా ఇచ్చే వివరాల పత్రం) దాఖలు చేస్తే, దాని ఏడో భాగంలో ఆఫీసర్లు, డైరెక్టర్లు, ట్రస్టీల పేర్లు, వాళ్ళకు అందిన పారితోషికం ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో స్వచ్ఛంద సంస్థలను నియంత్రించే చారిటీ కమిషన్ రిజిస్టరులో ట్రస్టీల పేర్లు కనిపిస్తాయి. భారతదేశంలో 2013 కంపెనీల చట్టం కింద సెక్షన్ 8 కంపెనీగా, అంటే లాభాపేక్ష లేని కంపెనీగా, నమోదైన సంస్థ డైరెక్టర్ల వివరాలు కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్లో దొరుకుతాయి. రికార్డులో ఆరుగురు ఉండి మీ పేజీలో ఎనిమిదిమంది కనిపిస్తే, ఆ ఇద్దరూ ఎవరన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

రెండో అడుగు: బయోడేటా అడక్కండి, మాట్లాడండి

“మీ పరిచయం పంపండి” అని మెయిల్ పెడితే, ఒకరు మూడు పేజీలు పంపుతారు, ఇంకొకరు రెండు లైన్లు. రెండూ పనికిరావు. ఒక్కొక్కరితో 40 నిమిషాలు కూర్చుని ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. ఈ సంస్థలో మీరు తప్ప ఇంకెవరూ తీసుకోలేని నిర్ణయాలు ఏవి?
2. ఆ నిర్ణయాలకు పనికొచ్చే అనుభవం ఎక్కడ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు వచ్చింది?
3. తరగతి గదిలో, లేదా పిల్లలతో, ఉపాధ్యాయులతో నేరుగా ఎంతకాలం పనిచేశారు?
4. మీరు మొదలుపెట్టి, తర్వాత ఆపేసినదో మార్చుకున్నదో ఏదైనా ఉందా? ఎందుకు?
5. మీకు, మీ ఇంటివాళ్ళకు ఈ సంస్థతో ఇంకేదైనా లావాదేవీ ఉందా?

మూడో ప్రశ్నకు “ఏమీ లేదు” అని జవాబు వస్తే కంగారు పడక్కర్లేదు. ఆర్థిక వ్యవహారాలు చూసే మనిషికి బోధనానుభవం ఉండాలని నియమం లేదు. లేనిది ఉన్నట్టు రాస్తేనే ముప్పు. అసలు సరుకు ఎక్కువగా నాలుగో ప్రశ్న దగ్గర దొరుకుతుంది. టాబ్లెట్లతో పాఠాలు మొదలుపెట్టి, ఛార్జింగ్ సదుపాయం లేని బడుల్లో అవి బీరువాల్లోనే ఉండిపోవడం చూసి, అచ్చు వేసిన పాఠాల కార్డులకు మారిన మనిషికి సామాజిక ఆవిష్కరణ (సమాజ సమస్యకు కొత్త పరిష్కారం కనిపెట్టడం) అంటే ఏమిటో తెలుసు. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాస్తే ‘వినూత్న ఆలోచనాపరులు’ అన్న బిరుదు అక్కర్లేదు.

మూడో అడుగు: ప్రతి వాక్యానికీ ఆధారం చూడండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి నాలుగు గడులు పెట్టండి: రాయబోయే వాక్యం, దానికి ఆధారం, చూసినవారు, చూసిన తేదీ. డిగ్రీకి పట్టా కాపీ, పాత ఉద్యోగానికి రిలీవింగ్ లెటర్, పురస్కారానికి ఇచ్చినవాళ్ళ ప్రకటన. పెద్దవాళ్ళను కాగితాలు అడగడానికి మొహమాటపడతారు. నియమం అందరికీ ఒకటేనని ముందే చెప్పి, అధ్యక్షుల కాగితాలతోనే మొదలుపెట్టండి. మిగతావాళ్ళు మారుమాట లేకుండా ఇస్తారు.

తప్పులు ఎక్కువగా ఈ చోట్ల దొర్లుతాయి. గౌరవ డాక్టరేట్ వచ్చినవాళ్ళ పేరు ముందు ‘డాక్టర్’ అని పెడతారు. పెట్టకండి, ‘ఫలానా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది’ అని విడిగా రాయండి. రెండు వారాల ఎగ్జిక్యూటివ్ కోర్సు చేసి ‘ఫలానా విశ్వవిద్యాలయంలో చదివారు’ అంటారు. కోర్సు పేరు, ఏడాది రాస్తే గౌరవంగానే ఉంటుంది. డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్ళు ‘పీహెచ్‌డీ’ అని రాసేస్తారు. తుది జాబితాకు ఎంపికైనవాళ్ళు ‘పురస్కార గ్రహీత’ అయిపోతారు. ఇక ‘సహ వ్యవస్థాపకులు’ అన్న మాట దగ్గర వచ్చే గొడవ అంతా ఇంతా కాదు. నమోదు పత్రంలో సంతకం చేసినవాళ్ళా, మొదటి ఏడాది పనిచేసినవాళ్ళా, ఎవరిని అలా పిలవాలో పాలకమండలి తీర్మానం చేసి మినిట్స్‌లో రాసుకోవాలి. రాసే మనిషి మీద ఆ భారం పెట్టకూడదు.

నాలుగో అడుగు: నాలుగు వాక్యాల్లో రాయండి

తెలుగులో 40 నుంచి 70 మాటలు చాలు. మన భాషలో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఇంగ్లిష్‌లో వంద మాటలు పట్టే విషయం ఇందులో సరిపోతుంది. వాక్యాల క్రమం: ఇప్పుడు చూస్తున్న బాధ్యత, దానికి పనికొచ్చిన అనుభవం, చేతికి దొరికే ఒక ఫలితం, చివర్లో చదువు. చదువును మొదట పెట్టడం పెళ్ళి సంబంధాల బయోడేటాలకు సరిపోతుంది. ఇక్కడ దాని చోటు చివరే.

తరచూ కనిపించే తరహా పరిచయం చూడండి:

“విద్యా రంగంలో రెండు దశాబ్దాల అపార అనుభవం గల దార్శనికురాలు. ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయం నుంచి ఉన్నత విద్య పూర్తిచేశారు. పిల్లల జీవితాల్లో వెలుగులు నింపాలన్న తపనతో అహర్నిశలు శ్రమిస్తున్నారు. ఆమె నాయకత్వంలో సంస్థ లక్షలాది పిల్లలకు చేరువైంది.”

ఇందులో సరిచూడదగ్గ వాక్యం ఒక్కటీ లేదు. పేరు మార్చి ఇంకే సంస్థ పేజీలో పెట్టినా సరిపోతుంది. ‘అపార’, ‘ప్రతిష్ఠాత్మక’, ‘అహర్నిశలు’ అన్న మూడు మాటలూ తీసేసి చూస్తే ఏమీ మిగలదు. అదే మనిషితో 40 నిమిషాలు మాట్లాడాక ఇలా రాయొచ్చు (నమూనా మాత్రమే):

“తొలిమెట్టు చదువుల కార్యక్రమానికి డైరెక్టర్, 22 మంది క్షేత్ర సిబ్బంది, శిక్షణ బడ్జెట్ ఆమె బాధ్యత. 2019లో సంస్థలో చేరకముందు పదకొండేళ్ళు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, అందులో నాలుగేళ్ళు ఒకే గదిలో మూడు తరగతులకు కలిపి పాఠం చెప్పారు. ఇప్పుడు సంస్థ వాడుతున్న బహుళ తరగతుల బోధన కార్డులను రూపొందించిన ముగ్గురిలో ఒకరు. విద్యాశాస్త్రంలో ఎం.ఎడ్. చేశారు.”

‘ముగ్గురిలో ఒకరు’ అన్న మాట గమనించండి. ఘనతను ఉన్నంతే చెప్పింది. మిగతా ఇద్దరూ ఈ పేజీ చూసి నొచ్చుకోరు.

క్రియలు కూడా తూకం వేసి వాడండి. మొదలుపెట్టారు, నడిపారు, విస్తరించారు, పాలుపంచుకున్నారు: ఈ నాలుగూ నాలుగు వేరువేరు పనులు. సంస్థ మొత్తం సాధించిన అంకెను ఒక మనిషి పేరు కింద వేయకండి. ‘ఆమె 300 బడులను మార్చారు’ కాదు. ‘300 బడుల్లో నడుస్తున్న కార్యక్రమాన్ని 2021 నుంచి పర్యవేక్షిస్తున్నారు’. ‘చేరువైంది’ అన్న క్రియ మరీ జారుడు. ఒక పూట సభకు వచ్చిన పిల్లలూ, ఏడాది పొడవునా చదువుకున్న పిల్లలూ అందులో ఒక్కటైపోతారు.

వేరే రంగం నుంచి వచ్చినవాళ్ళ పరిచయం

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ రంగంలో చాలామంది అలా వచ్చినవాళ్ళే. ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ వ్యవస్థాపకుడు సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) అంతకుముందు హెడ్జ్ ఫండ్‌లో, అంటే సంపన్నుల డబ్బును పెట్టుబడి పెట్టే సంస్థలో, విశ్లేషకుడు. 2004లో దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు, అదే తర్వాత లాభాపేక్ష లేని సంస్థ అయింది. 1995లో ముంబైలో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థను ప్రారంభించినవారిలో ఒకరైన మాధవ్ చవాన్ రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవారు. ‘హెడ్జ్ ఫండ్ విశ్లేషకుడు, ఇప్పుడు విద్యాసంస్థ అధిపతి’ అని రాస్తే రెండు ముక్కలకూ పొత్తు కుదరదు. మధ్యలో ‘బంధువుల అమ్మాయికి లెక్కలు’ అన్న ఒక్క ముక్క పడగానే కథ అతుక్కుంటుంది. ఆ వంతెన వాక్యం ప్రతి పరిచయంలోనూ ఉండాలి. బ్యాంకు నుంచి వచ్చినవారు ఆర్థిక డైరెక్టర్ అయితే ‘బ్యాంకులో పదేళ్ళు అంతర్గత ఆడిట్ చూశారు, ఇక్కడ నిధుల వినియోగ నివేదికలు వారి చేతుల మీదుగా వెళ్తాయి’ అన్నది చాలు.

కొందరి అర్హత వాళ్ళ జీవితంలోనే ఉంటుంది: తమ కుటుంబంలో మొదట బడికి వెళ్ళినవాళ్ళు, వైకల్యంతో చదువుకున్నవాళ్ళు, ఒకప్పుడు ఇదే సంస్థలో విద్యార్థులు. అది రాయాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ళ ఇష్టం. ‘పేదరికాన్ని జయించి’ వంటి మాటలు వాళ్ళు తమంతట తాము అంటే తప్ప రాయొద్దు. రాసినా, ఆ తర్వాత వాళ్ళు చేసిన పనికి అంతకన్నా ఎక్కువ చోటివ్వండి. దాతను కదిలించడానికి ఒక సహోద్యోగి కష్టాన్ని వాడుకోవడం తగదు.

ఐదో అడుగు: బంధుత్వాలు, ప్రయోజనాలు దాచకండి

అధ్యక్షుడు, కోశాధికారి ఒకే ఇంటివాళ్ళయితే ఆ మాట పేజీలోనే రాయండి. పైన చెప్పిన ఫారం 990 ఆరో భాగం కూడా ఆఫీసర్లు, డైరెక్టర్ల మధ్య కుటుంబ, వ్యాపార సంబంధాల గురించి సూటిగా అడుగుతుంది. పాలకమండలి సభ్యుడి కంపెనీయే సంస్థకు పుస్తకాలు అచ్చువేసి ఇస్తుంటే, ‘ఆ కొనుగోళ్ళ నిర్ణయాల్లో వారు పాల్గొనరు’ అని ఒక వాక్యం చేర్చండి, అది నిజమైతేనే. నిజం కాకపోతే ముందు సరిచేయాల్సింది పేజీని కాదు.

అన్ని పరిచయాలూ తయారయ్యాక అచ్చుతీసి బల్ల మీద పక్కపక్కన పరచండి. తరగతి గది తెలిసినవాళ్ళు ఉన్నారా, లెక్కలు చూసేవాళ్ళు ఉన్నారా, బాలల రక్షణ బాధ్యత ఎవరి పేరు మీద ఉంది? విడివిడిగా చదివినప్పుడు కనబడని ఖాళీ అప్పుడు కనబడుతుంది. దాన్ని మాటలతో కప్పకండి. ‘బాలల రక్షణ అధికారి: నియామకం జరగాల్సి ఉంది’ అని రాసి ఆ నియామకం పని చూడండి.

ఆరో అడుగు: ఫొటో, భాష, భద్రత

ఫొటోలన్నీ ఒకే కొలతలో చతురస్రంగా, కనీసం 800 పిక్సెళ్ళు, ఫైలు 200 కేబీ లోపు ఉంటే ఫోనులోనూ త్వరగా తెరుచుకుంటాయి. వెనక పిల్లల ముఖాలు కనిపించే ఫొటో వద్దు. నాయకుడి పరిచయానికి ఆ పిల్లల సమ్మతి ఎవరూ తీసుకోలేదు. చూపులేనివారి స్క్రీన్ రీడర్ కోసం ప్రతి ఫొటోకూ ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫొటోకు బదులు ఆ రీడర్ చదివి వినిపించే మాటల్లో) పేరు, హోదా రాయండి.

తెలుగు పరిచయాల్లో ఒక పొరపాటు చాలా చోట్ల ఉంటుంది: మగవాళ్ళకు ‘చేశారు’, వయసులో చిన్నవాళ్ళైన ఆడవాళ్ళకు ‘చేసింది’. అందరికీ ‘చేశారు’ అనే ఉండాలి. ‘శ్రీ’, ‘గారు’ పెడితే అందరికీ పెట్టండి, తీస్తే అందరికీ తీయండి. పేరు ఎలా రాయాలో ఆ మనిషినే అడిగి ఆ అక్షరాలే వాడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా.

పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, సొంత ఫోను నంబరు, సంతకం బొమ్మ పెట్టకూడదు. మోసగాళ్ళు ఈ పేజీ నుంచే డైరెక్టర్ పేరు తీసుకుని, అకౌంట్స్ మనిషికి ‘వెంటనే ఈ ఖాతాకు డబ్బు పంపండి’ అని నకిలీ మెయిల్ పంపుతారు. అందుకే వ్యక్తుల మెయిళ్ళకు బదులు సంస్థ సాధారణ చిరునామా ఒక్కటే ఇవ్వండి.

ఏడో అడుగు: సమ్మతి, నిర్వహణ

తుది ప్రతిని ఒక్కొక్కరికీ పంపి ‘ఇది సరైనదే, ప్రచురించవచ్చు’ అన్న జవాబు రాతపూర్వకంగా తీసుకుని భద్రపరచండి. పరిచయాలన్నీ ఒకే మూల ఫైలులో ఉండాలి. వెబ్‌సైటు, వార్షిక నివేదిక, నిధుల దరఖాస్తు అన్నీ దాన్నుంచే తీసుకోవాలి. లేకపోతే ఒకే మనిషికి మూడు చోట్ల మూడు అనుభవాలు కనిపిస్తాయి. పేజీ అడుగున ‘చివరిగా సరిచూసిన తేదీ’ వేయండి. ఆరు నెలలకోసారి చూసే బాధ్యత ఒకరి పేరు మీద ఉంచండి. ‘15 ఏళ్ళ అనుభవం’ అని రాస్తే వచ్చే ఏడాదికే పాతబడుతుంది. ‘2010 నుంచి’ అని రాస్తే పాతబడదు.

ఎవరైనా వెళ్ళిపోతే వారం లోపు పేజీ మార్చండి. వాళ్ళ పేరు మీద ఉన్న బ్యాంకు సంతకాలు, వెబ్‌సైటు అనుమతులు కూడా అదే రోజు రద్దయ్యేలా ఒకే చెక్‌లిస్టులో పెట్టుకోండి. వ్యవస్థాపకులు వెళ్ళిపోయినప్పుడు పేరు పూర్తిగా చెరిపేయకుండా, సంస్థ చరిత్ర పేజీలో వారు పనిచేసిన ఏళ్ళతో ఉంచండి.