నిఘా మీద చేసిన వీడియో గేమ్‌ను కళా ప్రదర్శనగా పెట్టడం ఎలా?

ఇంట్లో ఒక్కరే కూర్చుని ఆడుకునే గేమ్ వేరు, కాలేజీ హాల్లో నూరు మంది ముందు పెట్టే గేమ్ వేరు. ఆన్‌లైన్ నిఘా మీద చేసిన గేమ్‌కైతే ఇంకో చిక్కు ఉంది. తమను ఎవరో చూస్తున్నారన్న సంగతి స్క్రీన్ మీద చదివితే సరిపోదు, ఒంటికి తగలాలి. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో టెంట్ హౌస్ సామాను, ఒక పాత కంప్యూటర్, అద్దె ప్రొజెక్టర్ ఉంటే అయిపోయే అమరిక ఇది.

గదిలో ఒకరు ఆడతారు. ఏ బటన్ నొక్కారో, ఎక్కడ ఎంతసేపు తటపటాయించారో గది బయటి తెర మీద పడుతుంటుంది. ఆ తెర ఆడేవాళ్లకు కనపడదు. ఆట ముగించి బయటికొచ్చి, తర్వాతి మనిషి సంగతంతా తెర మీద చూసినప్పుడు, ఇందాక తనదీ ఇట్లాగే కనిపించిందని తెలుస్తుంది.

1. ఆటను నాలుగు నిమిషాలకు కుదించండి

ఆటకు 4 నిమిషాలు, మనిషి మారడానికి ఒకటి. గంటకు 12 మంది, ఆరు గంటలకు 72 మంది. పది నిమిషాల గేమ్ పెడితే క్యూలో ఉన్నవాళ్లు మిర్చీ బజ్జీల వైపు పోతారు.

కథకు దూరం పోనక్కర్లేదు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపుల మీద పోలీసులు వరుసగా కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. ఫోన్‌లోని నంబర్లు లాగి చుట్టాలందరికీ ఫోన్లు చేసిన ఆ తంతు ఇక్కడ అందరికీ తెలుసు. ఒక ఉత్తుత్తి లోన్ యాప్ ఆరేడు ప్రశ్నలు అడిగితే చాలు: నంబర్లు చూపిస్తరా, ఫొటోలు చూపిస్తరా, ఏడున్నరో చెప్తరా? జవాబులు రెండే: ‘ఇస్తా’, ‘ఇయ్య’. ప్రశ్నల్ని గొంతుతో కూడా వినిపించండి, అదీ ఇక్కడి మాటలోనే. పేపర్ తెలుగులో రికార్డు చేస్తే బ్యాంకు ప్రకటనలా ఉంటుంది.

నిజం పేరు, ఫోన్ నంబరు అడగొద్దు, కెమెరా పెట్టొద్దు. జనం ఉలిక్కిపడాలని నిజం వివరాలు లాగి చూపించే ప్రదర్శనలు దేన్ని తప్పుపడుతున్నాయో అదే పని చేస్తున్నట్టు లెక్క. ‘ఫొటోల కాడ 11 సెకన్లు ఆగిండ్రు. చివరికి ఇచ్చిండ్రు.’ బయటి తెర మీద ఈ ఒక్క లైను చాలు.

2. సాఫ్ట్‌వేర్

గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో ఉచితంగా దొరికే గోడో 4 ఈ పనికి సరిపోతుంది. గోడో 3లో తెలుగు ఒత్తులు విడిపోతాయి. యూనిటీ అనే ఇంకో గేమ్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రోతోనూ అదే బాధ, ‘పర్మిషన్’లో ర్మి ముక్కలవుతుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌ను ప్రాజెక్టులోనే పెట్టండి, కంప్యూటర్‌లో ఉంటుందిలే అని వదిలేస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి.

రెండు తెరలకు రెండు విండోలు కావాలి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ‘ఎంబెడ్ సబ్‌విండోస్’ ఆపకపోతే రెండోది మొదటి దాని లోపలే ఇరుక్కుంటుంది. బ్రౌజర్‌లో నడిచే వెర్షన్‌తో ఇది కుదరదు, డెస్క్‌టాప్‌కే ఎక్స్‌పోర్ట్ చేయాలి. రెండు తెరల మీద వేర్వేరు బొమ్మలు పడేలా విండోస్‌లో డిస్‌ప్లేను ‘ఎక్స్‌టెండ్’లో ఉంచండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ప్రొజెక్టర్ ఆగిపోతే విండోస్ ఆ రెండో విండోను ఆడేవాళ్ల మానిటర్ మీదికే తెచ్చిపెడుతుంది, గుట్టంతా అక్కడే బయటపడుతుంది. ప్రతి రెండు సెకన్లకు తెరలు ఎన్ని ఉన్నాయో లెక్కచూసి, ఒకటే ఉంటే రెండో విండోను దాచేసేలా కోడ్ రాయండి. 40 సెకన్లు ఎవరూ ఏమీ నొక్కకపోతే ఆట మొదటికి రావాలి.

ఇంకొకటి. ఆడినవాళ్ల సంగతులేవీ మనం నిల్వ చేయట్లేదు అనుకుంటాం. కానీ గోడో డెస్క్‌టాప్ గేమ్‌లు మామూలుగా లాగ్ ఫైలు, అంటే ఆట నడిచినప్పటి చిట్టా, రాస్తాయి. పరీక్ష కోసం కోడ్‌లో పెట్టిన ప్రింట్ మాటలన్నీ అందులో చేరతాయి. ఫైల్ లాగింగ్ ఆపండి, కంప్యూటర్‌లో వైఫై కూడా తీసేయండి. దానివల్ల ఆట మధ్యలో అప్‌డేట్ నోటీసుల పీడా పోతుంది.

3. గది

8 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. ముందు 5 అడుగులు ఆడేచోటు, వెనక 9 అడుగులు ప్రొజెక్టర్‌కు, మధ్యలో నల్ల పరదా. ప్రభుత్వ భవనాల్లో, కాలేజీల్లో గోడకు మేకు కొట్టనివ్వరు కాబట్టి టెంట్ హౌస్ ఇనుప పైపులతో ఫ్రేమ్ నిలబెట్టండి. 44 అంగుళాల పన్నా నల్ల కాటన్ గుడ్డ 40 మీటర్లు పడుతుంది. పాలిస్టర్ వేడికి అంటుకుంటే కరిగి కారుతుంది, వద్దు. వెలుతురు రాకుండా ప్రొజెక్టర్ భాగానికి పైన కూడా గుడ్డ కప్పి, వేడి పోవడానికి ఒక పక్క జానెడు సందు వదలండి.

ఆడేచోటుకు ఒక పక్క నుంచి రావాలి, ఇంకో పక్క నుంచి పోవాలి. బయటి తెర గదికి వెనక చివర, బయటికొచ్చే వైపు. క్యూకు అది కనిపించిందా, ఆట అక్కడే చచ్చిపోతుంది.

4. తెర, ప్రొజెక్టర్

తెరకు పల్చటి తెల్ల పంచె బాగుంటుంది. వెడల్పు నాలుగడుగులు ఉంటుంది కాబట్టి అడ్డంగా బిగిస్తే 5 అడుగుల బొమ్మ కుట్టు లేకుండా పడుతుంది. ప్రొజెక్టర్ త్రో రేషియో (తెరకు ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే 5 అడుగుల బొమ్మకు ఏడున్నర అడుగుల దూరం కావాలి. అద్దెకిచ్చేవాళ్లను ల్యూమెన్లతోపాటు (వెలుగు కొలత) ఈ అంకె కూడా తప్పకుండా అడగండి. 2 పైన ఉన్నది తెస్తే గది సరిపోదు. పంచె వెనక నుంచి వేస్తున్నాం కాబట్టి మెనూలో ‘రియర్’ పెట్టాలి, లేకపోతే అక్షరాలు తిరగబడతాయి. గుడ్డ పల్చన కావడంతో లెన్స్ వెలుగు నేరుగా కళ్లలో కొడుతుంది. ప్రొజెక్టర్‌ను నేల మీద పెట్టి పైకి వాల్చి, వంకరపోయిన బొమ్మను కీస్టోన్ సెట్టింగ్‌తో సరిచేస్తే ఆ మెరుపు కంటి వరసలోంచి తప్పుకుంటుంది. వేడిగాలి వచ్చే వైపు గుడ్డకు అడుగున్నర ఎడం ఉంచండి. ఫ్యాన్ గాలి పంచెకు తగిలితే అక్షరాలు ఊగుతాయి.

5. బటన్లు

కీబోర్డు పెడితే పిల్లలు పావుగంటలో ఆట మూసేస్తారు. గేమ్ పార్లర్ మెషిన్లకు ఉండే పెద్ద ఆర్కేడ్ బటన్లు రెండు, వాటిని కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డు ఒకటి చాలు, కంప్యూటర్‌కు అది జాయ్‌స్టిక్‌లా కనిపిస్తుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రం. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు నొక్కి బిగించే రకం పట్టదు, నట్టు ఉన్న రకమే తీసుకోండి. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు ఉంటే చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకూ అందుతుంది.

6. చేతికి బిల్లు

బయటికొచ్చే చోట కిరాణా కొట్లలో వాడే 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్ పెట్టి, సేకరించినదంతా బిల్లులా ఇవ్వండి. ఈ ప్రింటర్లకు తెలుగు రాదు. తెలుగు పంపితే పిచ్చి గుర్తులు వస్తాయి కాబట్టి బిల్లును 384 పిక్సెళ్ల వెడల్పు బొమ్మగా మార్చి పంపాలి. 15 మీటర్ల రోల్‌కు 15 సెంటీమీటర్ల బిల్లులు నూరు. ఏప్రిల్, మే నెలల్లో రోల్స్‌ను ఎండలో ఆపిన కారులో వదలొద్దు, కాగితం నల్లబడుతుంది.

7. కరెంటు

ప్రొజెక్టర్, కంప్యూటర్, మానిటర్, రెండు ఫ్యాన్లు కలిపి 600 వాట్ల లోపే. టీ కాచే హీటర్ ఉన్న జంక్షన్ బాక్స్‌కు మాత్రం కలపొద్దు. 600 వీఏ యూపీఎస్‌కు కంప్యూటర్, మానిటర్ మాత్రమే తగిలించండి. బయోస్‌లో (కంప్యూటర్ మొదలవుతూనే తెరుచుకునే సెట్టింగ్స్) కరెంటు రాగానే తనంతట ఆన్ అయ్యే సెట్టింగ్, విండోస్ స్టార్టప్‌లో గేమ్ ఉంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

8. గుమ్మం దగ్గర మనిషి

‘మీరు ఒత్తేదంతా బయట కనిపిస్తది, ఇష్టమైతేనే ఆడుండ్రి’ అని బోర్డు పెట్టండి. చాలామంది చదవరు, యాప్ షరతులు చదవనట్టే. అందుకే గుమ్మం దగ్గర ఒకరు నిలబడి, ‘అక్కా, ఒత్తింది ఒత్తినట్టు బయట కనిపిస్తది, సరేనా?’ అని నోటితో అడగాలి. చెబితే గుట్టు పోతుందన్న భయం వద్దు, విని కూడా చాలామంది ‘ఇస్తా’ నొక్కుతూనే పోతారు. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లను పిల్లలుగానే చూస్తుంది. బడి పిల్లలు వస్తే సార్లకు ముందే చెప్పి, బయటి తెరను ఖాళీ స్లైడ్‌కు మార్చే మీట ఒకటి ఉంచుకోండి.

బోర్డు పక్కన, వెంట వీడని నిఘాను గుర్తుచేసే బొమ్మ కావాలంటే నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పొద్దంతా వీడని ఆ నీడకు స్తంభాల అమరికే కారణం. ఆ ఫొటో కింద వ్యాఖ్య ఏమీ రాయకండి.

రాత్రి మూసేముందు చెత్తబుట్ట చూడండి. జనం పారేసిన బిల్లులు అందులో ఉంటాయి. వాటిని చించి పారేయండి.