అమెరికాలో మెడికల్ స్కూల్ అప్లికేషన్: కాలేజ్ ఫస్ట్ ఇయర్ నుంచే ఏం చేయాలి

అమెరికాలో డిగ్రీ చదువుతూ ఎండీకి (ఇక్కడ డాక్టర్ అవ్వడానికి డిగ్రీ తర్వాత చేసే కోర్సు) వెళ్దామనుకునే పిల్లలకి, వాళ్ల అమ్మానాన్నలకి ఇది రాస్తున్నా. ఇక్కడ మన నీట్ లాగా ఒక్క ర్యాంకుతో సీటు తేలిపోదు, మార్కులతో పాటు ఈ నాలుగేళ్లూ ఎవరితో గడిపారు ఏం చేశారు అన్నది కూడా చూస్తారు, మన ఇళ్లల్లో మాత్రం జీపీఏ (కాలేజీ గ్రేడ్ల సగటు) ఎంత, ఎంక్యాట్ (మెడికల్ స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష) ఎంత అని అడిగి అక్కడితో ఆపేస్తాం.

ముందు మార్కుల సంగతి. యామ్‌కాస్ అనే కామన్ అప్లికేషన్ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి సైన్స్ జీపీఏ విడిగా లెక్కేస్తుంది. ఒక కోర్సు రిపీట్ చేస్తే కాలేజీ పాత గ్రేడ్ తీసేసినా సరే యామ్‌కాస్ రెండూ కలుపుతుంది. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే బరువైన సైన్స్ కోర్సులన్నీ ఒకేసారి నెత్తినేసుకోవద్దు. ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది, అందులో కార్స్ అనే సెక్షన్‌లో సైన్స్ అసలు ఉండదు, అంతా చదివి అర్థం చేసుకోవడమే, అది రెండు నెలల కోచింగ్‌తో వచ్చేది కాదు కాబట్టి ఇప్పట్నుంచే రోజూ కాస్త కష్టమైన వ్యాసాలు చదవడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, పేషెంట్ల దగ్గర గడిపిన టైమ్. తెలిసిన డాక్టర్ అంకుల్ క్లినిక్‌లో నాలుగు రోజులు షాడోయింగ్ (డాక్టర్ వెంట ఉండి గమనించడం) చేస్తే అది చూడటం మాత్రమే, పని చేసినట్టు కాదు. సమ్మర్‌లో ఇండియా వెళ్లి హాస్పిటల్ చూసి రావడం మంచిదే కానీ ఇక్కడి అనుభవానికి అది బదులు కాదు. స్క్రైబ్ (డాక్టర్‌కి నోట్స్ రాసిపెట్టేవాళ్లు), ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర సాయం చేసేవాళ్లు), నర్సింగ్ అసిస్టెంట్, హాస్పిస్ (చివరి దశలో ఉన్న పేషెంట్లని చూసుకునే చోటు) వాలంటీర్, వీటిలో ఒకటి పట్టుకుని వారానికి మూడు నాలుగు గంటలైనా సరే ఏళ్ల తరబడి వదలకుండా చేయండి. పది క్లబ్బుల్లో పేరు రాయించుకోవడం కంటే నా దృష్టిలో ఇదే ఎంతో మేలు.

ఇంకోటి, అక్కడ చేసిందీ చూసిందీ అదే రోజు రాసిపెట్టుకోండి, ఇది మాత్రం దయచేసి వాయిదా వేయొద్దు. అప్లికేషన్‌లో 15 యాక్టివిటీలు రాయొచ్చు, ఒక్కోదానికి 700 అక్షరాలే, అందులో 3 ముఖ్యమైనవాటికి ఇంకో 1325 అక్షరాలు ఇస్తారు. మూడేళ్ల తర్వాత గుర్తు చేసుకుని రాస్తే "పేషెంట్లకి సాయం చేశాను, చాలా నేర్చుకున్నాను" అనే వస్తుంది. అదే ఫోన్‌లో ఆ రోజు "అన్నం ముట్టనన్న పెద్దావిడ, పక్కన కూర్చుని మనవరాలి గురించి అడిగితే నాలుగు ముద్దలు తింది, నర్స్‌కి చెప్పాను" అని రాసుకుంటే పర్సనల్ స్టేట్‌మెంట్‌కి (డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నారో అప్లికేషన్‌లో రాసే వ్యాసం) ముడిసరుకు అదే అవుతుంది. పేషెంట్ పేరు, వివరాలు మాత్రం ఎక్కడా రాయకూడదు. తేదీ, గంటలు, సూపర్‌వైజర్ ఫోన్ నంబర్ కూడా అక్కడే పెట్టుకోండి.

సిఫార్సు లెటర్లు మామూలుగా ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్లు, ఒక నాన్ సైన్స్ ప్రొఫెసర్ దగ్గర అడుగుతారు. మన పిల్లలు చాలామంది మొహమాటపడి ఆఫీస్ అవర్స్‌కి (ప్రొఫెసర్ విద్యార్థులని కలవడానికి పెట్టే టైమ్) వెళ్లరు, మూడొందల మంది ఉన్న క్లాసులో ఏ గ్రేడ్ (A) వచ్చినంత మాత్రాన ప్రొఫెసర్‌కి మొహం తెలియదు కదా, వెళ్లి మాట్లాడాలి.

హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా), ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోండి. చాలా మెడికల్ స్కూళ్లు సిటిజన్లని, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లనే తీసుకుంటాయి, వేరేవాళ్లని తీసుకునేవాటిలో కూడా కొన్ని ఫీజుకి డబ్బు ముందే చూపించమంటాయి. పిల్లలకి హెచ్4 ఎలాగూ 21 ఏళ్లకి అయిపోతుంది. ఎమ్మెస్సార్ అనే డేటాబేస్‌లో స్కూల్ వారీగా రూల్ ఉంటుంది, చివరి ఏడాది దాకా ఆగకుండా సెకండ్ ఇయర్‌లోనే ఇంట్లో అందరూ కూర్చుని చూడండి.

టైమింగ్ కూడా ముఖ్యం. 2028 ఆగస్టులో చేరాలంటే 2027 మే నెలలో అప్లికేషన్ తెరుచుకుంటుంది, నెలాఖరు నుంచి పంపొచ్చు, చాలా స్కూళ్లు వచ్చినవి వచ్చినట్టు చూస్తూ పోతాయి కాబట్టి జూన్ అయ్యేలోపు పంపడం మంచిది. టెక్సాస్ పబ్లిక్ స్కూళ్లకి వేరే అప్లికేషన్ ఉంది. ఆ మే నెలకి పేషెంట్లతో చెప్పుకోదగ్గ గంటలు లేకపోతే తొందరపడి పంపొద్దు, ఒక ఏడాది గ్యాప్ తీసుకుని పని చేసి అప్లై చేయనివ్వండి, ఇక్కడ అలా చేసేవాళ్లు బోలెడుమంది, చుట్టాలు అడుగుతారని పిల్లల్ని తొందరపెట్టొద్దు.