దేవరియా తాల్‌కు తెల్లారకముందే ఎక్కండి

భారతంలో యక్షప్రశ్నలు వచ్చే అరణ్యపర్వశేషాన్ని తెలుగు చేసింది ఎర్రన. ఆయనది మా కందుకూరు పక్క గుడ్లూరని మావైపు చెప్పుకుంటారు. యక్షుడు ధర్మరాజును ప్రశ్నలడిగిన కొలను తమ దేవరియా తాలేనని ఉత్తరాఖండ్‌లో సారి గ్రామస్థులు నమ్ముతారని తెలిశాక, అమ్మకు దాన్ని చూపించాలనిపించింది.

ఒంగోలులో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కణ్ణుంచి రిషికేశ్ చేరాం. రిషికేశ్ నుంచి ఊఖీమఠ్‌కు కొండదారిలో ఒక పగలు పోతుంది. చలికాలం కేదారనాథుడికి పూజలు జరిగేది ఊఖీమఠ్ ఓంకారేశ్వర గుడిలోనే, చూసి వెళ్లండి. చేతిఖర్చుకు డబ్బు కూడా అక్కడే తీసుకోండి. ఆపైన జీపులో సారి. రాత్రికి సారిలోనే ఉండాలి.

మొదటిరోజు మేం టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరాం. పైకి వెళ్లేసరికి మబ్బు కమ్మేసింది. కొలను ఉంది, కొండలు లేవు. "రేపు చీకట్నే వద్దాంలే అబ్బయా" అంది అమ్మ.

మర్నాడు నాలుగింటికే టార్చి పట్టుకుని, ఊరి కుర్రాణ్ణి తోడు తీసుకుని ఎక్కాం. ఆ అడవిలో చిరుతలు, ఎలుగులు తిరుగుతాయి, ఒంటరిగా మాత్రం వద్దు. దారి రెండున్నర కిలోమీటర్లే, కానీ అంతా ఎక్కుడే. కొలను 2,400 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం పక్కన పెరిగినవాళ్లకు ఆయాసం వస్తుంది, ఆగి ఆగి నడవండి. అమ్మకు రెండు గంటలు పట్టింది. చెమట బట్టలతో గట్టున కూర్చుంటే చలి పట్టేస్తుంది, సంచిలో పొడి బనియను, స్వెట్టరు ఉండాలి.

మన చెరువుల ముందు అది చిన్న కుంట. కానీ గాలి లేని ఆ వేళ 7,138 మీటర్ల చౌఖంబా శిఖరం మొత్తం నీళ్లలోకి దిగి ఉంది. దేవతలు స్నానం చేసే చోటని ఊరివాళ్ల నమ్మకం, నీళ్లలో కాళ్లు పెట్టకండి.

గట్టున కూర్చుని అమ్మ కథ చెప్పింది. నలుగురు తమ్ముళ్లూ పడిపోయారు. ఒక్కణ్ణే బతికిస్తానంటే ధర్మరాజు నకులుణ్ణి అడిగాడు. కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు ఉండాలన్నాడు. అమ్మ అక్కడ ఆగిపోయింది. అమ్మను పెంచింది ఆమె సవతి తల్లే.

వెళ్తే ఏప్రిల్, మేలలో గానీ, అక్టోబరులో గానీ వెళ్లండి. వానాకాలం కొండచరియలు పడతాయి. దిగేటప్పుడు మోకాళ్లకు కర్ర ఆసరా కావాలి. సారిలో వేడివేడి పప్పన్నం పెడతారు, కందిపొడి మాత్రం మన ఇంటినుంచే తీసుకెళ్లండి.