పాత బేస్‌బాల్ కార్డుల వేట – 4వ పాఠం: తెలియని ఊళ్లో షాపు పట్టుకోవడం

పోయిన పాఠంలో కార్డు (ఆటగాడి బొమ్మతో అచ్చైన చిన్న అట్ట) మూలలు, మడతలు, అంచులు చూడటం నేర్చుకున్నాం. ఇంట్లో ఉన్న పది కార్డులు ఎంత బాగున్నాయో చూసి మీరే గ్రేడు వేసి రాసిపెట్టుకోమన్నాను. చేయనివాళ్లు ఈ పాఠం చదవొచ్చు గానీ, షాపులో కార్డు చేతికొచ్చాక తడబడితే నన్ను అనొద్దు.

ఈసారి ఊరు దాటుదాం. ఆఫీసు పనిమీద మిమ్మల్ని వారం రోజులు అమెరికాలోని మిల్‌వాకీ పంపారనుకోండి. సాయంత్రం అయిదింటికి మీటింగులు అయిపోతాయి. గదిలో పెరుగన్నం తిని పడుకునే బదులు ఆ ఊళ్లో పాత కార్డులు ఎక్కడ దొరుకుతాయో వెతకాలి.

మ్యాప్‌లో ‘బేస్‌బాల్ కార్డ్స్’ అని కొడితే నాలుగైదు షాపులు వస్తాయి. వెంటనే కారు తీయకండి. నేను ఒకసారి అలాగే తీశాను. ఫొటోలో గాజు పెట్టె నిండా పాత కార్డులు కనిపించాయని నలభై మైళ్లు నడిపాను. లోపల పిల్లలు బల్లల చుట్టూ చేరి పోకెమాన్ ఆడుకుంటున్నారు. పాతవి ఉన్నాయా అని అడిగితే ఆ ఓనరు ఎంతో ప్రేమగా 1989 నాటి ప్యాకెట్ల పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. ముప్పై ఏళ్లు దాటాయి కదా, ఆయన లెక్కలో అవి పాతవే. మన లెక్కలో కాదు. 1980ల చివర్లో, 90ల మొదట్లో కార్డులు అడ్డూ అదుపూ లేకుండా అచ్చేశారు. ఈ హాబీలో వాటిని ‘జంక్ వ్యాక్స్’ అంటారు. వింటేజ్‌కి గీత ఎక్కడ గీయాలన్నది ఎప్పుడూ ఉండే వాదనే. నేను 1980 దగ్గర గీస్తాను. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు రంగంలోకి దిగడంతో అప్పటిదాకా దాదాపు ఒంటరిగా కార్డులు అచ్చేసి ఏలిన టాప్స్ కంపెనీ రాజ్యం ముగిసింది.

అందుకని ముందు ఫోన్ చేయండి. ‘వింటేజ్ ఉందా’ అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. ‘యాభైలు, అరవైల నాటి కామన్స్ పెట్టెలు ఉన్నాయా? స్లాబ్‌లో లేనివి, రా కార్డులు?’ అని అడగండి. కామన్స్ అంటే పెద్ద పేరు లేని ఆటగాళ్ల కార్డులు. స్లాబ్ అంటే గ్రేడు వేసి కార్డును సీలు చేసే ప్లాస్టిక్ పెట్టె, అందులో లేనిది రా కార్డు. గాజు పెట్టెలో మికీ మాంటిల్ లాంటి పెద్ద స్టార్ కార్డు ఒకటి ఎవరైనా పెట్టగలరు. పేరు లేని ఆటగాళ్లను ఏడాదివారీగా, నంబరువారీగా పేర్చుకుని కూర్చునేది మాత్రం పాత కార్డుల పిచ్చి ఉన్నవాడే. ఆ ప్రశ్నకు అవతలి గొంతులో హుషారు వచ్చిందా, వెళ్లండి. ‘ఒక్క నిమిషం, చూసి చెప్తా’ అన్నారా, ఇంకో నంబరు కొట్టండి.

ఏ రోజు, ఎన్ని గంటలకు తెరుస్తారో కూడా అదే ఫోన్లో అడగండి. చాలా షాపులకు సోమవారం సెలవు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం దాకా తలుపు తీయరు. పెట్టేసే ముందు ఇంకో మాట: ‘మీ దగ్గర లేకపోతే ఈ ఊళ్లో ఇంకెవరి దగ్గర ఉంటాయి?’ నాకు మంచి కార్డులు ఎక్కువగా ఈ ప్రశ్నతోనే దొరికాయి. ఆదివారం ఏ హోటల్ హాల్లో కార్డ్ షో ఉందో, ఏ పెద్దాయన తన సరుకు ఏ యాంటిక్ మాల్‌లో పెట్టాడో వీళ్లకు తెలుస్తుంది. నాణేల షాపులనూ వదలకండి. ఇంటి పెద్దాయన పోయాక పిల్లలు అటక దులిపితే నాణేలూ కార్డులూ కలిసే బయటికొస్తాయి, కలిసే ఆ షాపుకు చేరతాయి. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు వెతికినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు.

ఇక ఈ పాఠంలో అసలు సంగతి. ఏ ఊరు వెళ్తున్నారో దాన్నిబట్టి ఏం వెతకాలో ముందే తేల్చుకోవాలి. దానికి ఇప్పటి జట్టు కాదు, అప్పటి జట్టు తెలియాలి. మిల్‌వాకీకి ఇప్పుడు బ్రూయర్స్ ఉన్నారు. 1953 నుంచి 1965 దాకా ఉన్నది బ్రేవ్స్, ఇప్పుడు అట్లాంటాలో ఆడే జట్టే. 1957లో వాళ్లు వరల్డ్ సిరీస్‌లో, అంటే ఆ ఏటి ఫైనల్లో, న్యూయార్క్ జట్టు యాంకీస్‌ను ఓడించారు. లూ బర్డెట్ ఒక్కడే మూడు ఆటలు గెలిపించాడు. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు, ఇంకా కొంటున్నారు. అందుకే బర్డెట్ కార్డు అక్కడ చౌకగా రాదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటాం గానీ, కార్డుల విషయంలో సొంతింటి కూరకే గిరాకీ. 1960లో ఆఖరి హోమ్ రన్‌తో పిట్స్‌బర్గ్ జట్టుకు వరల్డ్ సిరీస్ గెలిపించిన బిల్ మజరోస్కీని పిట్స్‌బర్గ్‌లో కొనకండి, మిల్‌వాకీలో కొనండి. బర్డెట్‌ను పిట్స్‌బర్గ్‌లో వెతకండి. హ్యాంక్ ఆరన్, రాబర్టో క్లెమెంటే లాంటి వాళ్ల కార్డులకు దేశమంతా ధర ఇంచుమించు ఒకటే. తేడా తెలిసేది ఇలాంటి రెండో వరుస స్టార్ల దగ్గరే.

ఆ ఊళ్లోనే వెతకాల్సినవీ కొన్ని ఉన్నాయి. టాప్స్ కార్డులు దేశమంతా అమ్మారు. జాన్‌స్టన్ కుకీస్ అనే మిల్‌వాకీ కంపెనీ 1953 నుంచి 55 వరకు బిస్కెట్లతో పాటు బ్రేవ్స్ ఆటగాళ్ల కార్డులు ఇచ్చింది. ఆరన్ పెద్ద లీగ్‌లో అడుగుపెట్టింది 1954లో, ఆ ఏటి సెట్‌లో ఆయనా ఉన్నాడు. అలాగే సిన్సినాటిలో కాన్స్ వీనర్స్, డెట్రాయిట్‌లో గ్లెండేల్ మీట్స్ అనే మాంసం కంపెనీలు. గ్లెండేల్ కార్డులు 1953లో హాట్ డాగ్ ప్యాకెట్లలో పెట్టి అమ్మినవి కాబట్టి చాలావాటి మీద నూనె మరక ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, వడ చుట్టిన పేపరులా ఆ మేర అట్ట కాస్త పారదర్శకంగా కనిపిస్తుంది. అలాంటిది చూసి మొహం తిప్పుకోకండి. ధర తగ్గించమని అడగడానికి అది మంచి కారణం.

షాపులోకి వెళ్లేటప్పుడు జేబులో భూతద్దం, చిన్న స్కేలు ఉండాలి. 1952 టాప్స్ కార్డు ఇప్పటి కార్డుకన్నా పెద్దది: వెడల్పు 2 5/8 అంగుళాలు, పొడవు 3 3/4. ఇప్పటి రెండున్నర, మూడున్నర అంగుళాల కొలత 1957లో వచ్చింది. టాప్స్ 1983లో ఆ 1952 సెట్‌నే ఈ చిన్న కొలతలో మళ్లీ అచ్చేసింది. ప్లాస్టిక్ తొడుగులో ఒంటరిగా ఉన్నప్పుడు తేడా తెలియదు. స్కేలు పెడితే అర నిమిషంలో తేలిపోతుంది. అమ్మేవాడి ముందు స్కేలు తీయడానికి మొహమాటపడకండి. చిరాకుపడే షాపులో కొనాల్సిన పనీ లేదు.

బేరం గురించి ఒక్క మాట. సగం ధరకు అడిగే మన అలవాటు ఇక్కడ పనిచేయదు, మనిషి ముడుచుకుపోతాడు. అయిదారు కార్డులు ఏరి ఒకచోట పెట్టి, అన్నీ కలిపి నగదు ఇస్తే ఎంతకిస్తారని అడగండి. ఈలోగా ఫోన్‌లో ఈబేలో అమ్ముడైన ధరలు చూసుకోండి. అమ్మకానికి పెట్టిన ధరలు కాదు సుమా, అవి కోరికలు మాత్రమే.

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ గురించి చాలామంది అడుగుతారు. బేస్‌బాల్ దిగ్గజాల మ్యూజియం, హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడే, 1939 నుంచి. మెయిన్ స్ట్రీట్‌లో కార్డుల షాపులూ ఉన్నాయి. మ్యూజియం కోసం తప్పక వెళ్లండి. కార్డుల కోసమే అయితే తిరుపతిలో లడ్డూ కొన్నట్టు ఒకటి కొనుక్కోండి, చాలు.

అభ్యాసం: రాబోయే మూడు నెలల్లో మీరు వెళ్లబోయే ఒక ఊరు తీసుకోండి. 1955లో అక్కడ ఏ జట్టు ఉందో కనుక్కోండి. లేకపోతే దగ్గరి ఊరి జట్టు. ఆ జట్టులో రెండో వరుస స్టార్లు ఇద్దరి పేర్లు రాసుకోండి, వాళ్లను ఆ ఊళ్లో కొనొద్దు. మూడు షాపులకు ఫోన్ చేసి కామన్స్ ప్రశ్న అడిగి, జవాబులు మాటకు మాట రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో ఆ జవాబులనే ముందు పెట్టుకుని, కొన్న కార్డులు వంగకుండా విమానంలో ఇంటికి చేర్చడం చూద్దాం. అప్పటిదాకా వాటిని చెక్-ఇన్ పెట్టెలో మాత్రం వేయకండి.