డొమైన్ ఎంచుకోవడం – 3వ పాఠం: ఒక లావాదేవీ వెంట చివరిదాకా నడవండి

ఐటీ ఉద్యోగి ఏ పరిశ్రమ సాఫ్ట్‌వేర్‌లో పట్టు సాధిస్తారో అదే వారి డొమైన్. మొదటి పాఠంలో ఇప్పటిదాకా చేసిన ప్రాజెక్టులన్నీ రాసుకున్నారు. రెండో పాఠంలో జాబితాను మూడు పరిశ్రమలకు కుదించారు. ఆ మూడింటిలో మీకు సరిపడేదేదో తేల్చే పరీక్ష ఈ పాఠం. ఒక్కో పరిశ్రమకు ఆరు గంటలు పడుతుంది. వారానికి ఒకటే పెట్టుకోండి. మూడూ ఒకేసారి మొదలుపెడితే కలగాపులగమవుతాయి.

కావలసినవి: పక్కపక్కన అతికించిన రెండు ఏ4 కాగితాలు, పెన్సిలు, రబ్బరు, ఒక ఎర్ర పెన్ను. మొదటి 40 నిమిషాలు ల్యాప్‌టాప్ మూసే ఉండాలి.

ఆ పరిశ్రమలో రోజూ లెక్కలేనన్ని సార్లు జరిగే ఒక పనిని తీసుకుని, అది పుట్టిన చోటి నుంచి ఖాతా పుస్తకంలో ముగిసేదాకా గీయాలి. ఆ తర్వాత అదే పని మధ్యలో చెడితే ఏమవుతుందో ఎర్ర పెన్నుతో గీయాలి. సవ్యంగా సాగే దారి ఏ ట్రైనింగ్ వీడియోలోనైనా దొరుకుతుంది. సీనియర్లకు జీతం ఇచ్చేది మాత్రం ఎర్ర గీతలు తెలిసినందుకే.

బ్యాంకింగ్‌తో చేసి చూద్దాం. ఒక బ్యాంకు కార్డు పట్టుకుని వేరే బ్యాంకు ఏటీఎంలో 10,000 రూపాయలు తీస్తున్నారు. కాగితం మీద ఎడమ నుంచి కుడికి ఐదు పెట్టెలు గీయండి: ఏటీఎం, ఆ ఏటీఎం బ్యాంకు స్విచ్ (సందేశాలను అటూ ఇటూ చేరవేసే వ్యవస్థ), ఎన్‌ఎఫ్‌ఎస్ (బ్యాంకుల ఏటీఎంలను కలిపే జాతీయ నెట్‌వర్క్), కార్డు ఇచ్చిన బ్యాంకు స్విచ్, ఆ బ్యాంకు కోర్ బ్యాంకింగ్ (ఖాతాల లెక్కలు ఉండే సాఫ్ట్‌వేర్). మధ్యలో ఉన్న ఎన్‌ఎఫ్‌ఎస్‌ని 2004లో మొదలుపెట్టింది మన హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీయే (ఆర్‌బీఐ నెలకొల్పిన బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ). 2009 చివర్లో అది యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ చేతికి వెళ్ళింది.

ఈ పెట్టెల మధ్య తిరిగే సందేశాలు ఐఎస్‌ఓ 8583 అనే ప్రమాణంలో ఉంటాయి. డబ్బు అడిగే సందేశం 0200, దానికి జవాబు 0210. జవాబులో రెండంకెల కోడ్ ఉంటుంది: 00 అంటే ఇచ్చెయ్, 51 అంటే ఖాతాలో చాలినంత లేదు, 55 అంటే పిన్ తప్పు, 91 అంటే అవతలి బ్యాంకు పలకడం లేదు. ఇంతవరకు పెన్సిలు గీతలు.

ఇక ఎర్ర పెన్ను తీయండి. కార్డు బ్యాంకు ఖాతాలోంచి 10,000 తగ్గించి 00 పంపింది. ఏటీఎం నోట్లు బయటికి తోయబోయేసరికి లోపల ఇరుక్కుపోయాయి. ఏటీఎం ఆ సంగతి తన బ్యాంకు స్విచ్‌కి చెబుతుంది, స్విచ్ 0420 అనే రివర్సల్ సందేశం (తగ్గించినది తిరిగి వేయమని) పంపుతుంది. సరిగ్గా అప్పుడే లైను తెగింది. స్విచ్ ఆ సందేశాన్ని దాచుకుని మళ్ళీ మళ్ళీ పంపాలి. అవతల అది రెండుసార్లు అందితే? ఖాతాలో 20,000 పడకూడదు కదా. అంటే రెండోసారి వచ్చింది పాత రివర్సలేనని గుర్తుపట్టే తాళంచెవి సందేశంలోనే ఉండాలి. రివర్సల్ అసలు చేరకపోతే, బ్యాంకులో మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు: ఏటీఎం రాసుకున్న జర్నల్ (దీన్ని అందరూ ఈజే అంటారు), స్విచ్ నుంచి వచ్చిన ఫైలు, కోర్ బ్యాంకింగ్‌లో పడిన ఎంట్రీలు. ఇలా పోల్చి తేడాలు పట్టడమే రీకాన్ (రీకన్సిలియేషన్). మెషీన్‌లో నోట్లు లెక్కపెట్టినప్పుడు 10,000 ఎక్కువ తేలుతుంది. అది ఎవరిదో ఈ మూడింటినీ పోల్చితేనే తెలుస్తుంది.

దీని మీద నియమం కూడా ఉంది. 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం, డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే లావాదేవీ జరిగాక 5 రోజుల్లోపు బ్యాంకు తనంతట తానే తిరిగి వేయాలి. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ ఖాతాదారుకు 100 రూపాయలు ఇవ్వాలి. ఈ ఒక్క వాక్యాన్నిబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని పనులు పుడతాయో లెక్కపెట్టండి: రోజులు లెక్కగట్టే ప్రోగ్రాం, తనంతట తానే పడే క్రెడిట్, పరిహారం ఎంట్రీ, దానికో జీఎల్ ఖాతా (బ్యాంకు సొంత లెక్కల్లోని ఖాతా), ఆడిటర్ అడిగితే చూపించే రిపోర్టు. ఒక్క వాక్యం, ఐదు మాడ్యూళ్ళు.

40 నిమిషాలు అయ్యాక ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవండి. గీసేటప్పుడు తెలియని చోటల్లా ప్రశ్నార్థకం పెట్టి ఉంటారు. తర్వాతి నాలుగు గంటలు వాటిని ఒక్కొక్కటే చెరపండి. బ్యాంకింగ్‌కైతే ఆర్‌బీఐ మాస్టర్ డైరెక్షన్లు, ఎన్‌పీసీఐ సర్క్యులర్లు ఉచితంగా దొరుకుతాయి. బీమాకైతే కంపెనీల పాలసీ పత్రాలే మంచి పాఠ్యపుస్తకం, ముఖ్యంగా ఏది చెల్లదో చెప్పే పేజీలు. చాట్‌బాట్‌ని అడగొచ్చు. కానీ అది చెప్పిన గడువు, అంకె ఏదైనా అసలు ఆదేశంలో కనబడేదాకా ప్రశ్నార్థకం చెరపకండి.

మిగిలిన సమయంలో 20 నిమిషాలు ఆ పరిశ్రమ మనిషితో మాట్లాడాలి. ఐటీ వాళ్ళు వద్దు. బ్రాంచిలో పనిచేసే బాబాయో, ఆస్పత్రి బిల్లింగ్‌లో కూర్చునే వదినో, మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో ఉన్న క్లాస్‌మేటో ఎవరో ఒకరు ప్రతి ఇంటి చుట్టూ ఉంటారు. మూడే ప్రశ్నలు అడగండి: నెలాఖరున ఏ పని పడుతుంది, ఇంకా ఎక్సెల్‌లో చేత్తో చేసేదేమిటి, ఏ తప్పు జరిగితే ఫోను పైదాకా వెళ్తుంది. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు బంగారం. అది ఇంకా ఎవరూ రాయని సాఫ్ట్‌వేర్.

ఫలితం చూసేదెలా? మార్కులు వేయకండి. రీకాన్ దగ్గరికి వచ్చేసరికి మీకు కునుకు పట్టిందా, లేక తెగిన లైను సంగతి తేల్చేదాకా భోజనానికి లేవలేదా అన్నది చూసుకోండి. బ్యాంకింగ్ పనిలో ఎక్కువ భాగం ఇలాంటి తేడాలు తీర్చడమే. అది విసుగనిపిస్తే పేరున్న బ్యాంకు, పెద్ద ప్యాకేజీ ఏవీ రెండేళ్ళకు మించి నిలబెట్టవు.

ఇదే పరీక్ష అమెరికా హెల్త్‌కేర్‌కి పెడితే కాగితం మీద ఒక గోడ కనిపిస్తుంది. ఆస్పత్రి లోపల రోగి చేరిక, ల్యాబ్ ఫలితం వంటివి హెచ్‌ఎల్7 అనే ప్రమాణపు సందేశాల్లో తిరుగుతాయి. ఆస్పత్రికీ బీమా కంపెనీకీ మధ్య నడిచేవి ఎక్స్12 అనే మరో ప్రమాణపు ఫైళ్ళు: బీమా ఉందా అని అడిగేది 270, జవాబు 271, బిల్లు 837, చెల్లింపు వివరం 835. ఎర్ర పెన్ను పడేది 835 మీద. డబ్బు తక్కువ వచ్చినా అసలు రాకపోయినా కారణం కోడ్‌గా వస్తుంది. ఉదాహరణకు 29 అంటే బిల్లు పంపే గడువు దాటిందని. గోడకు రెండు వైపులా ఉద్యోగాలు వేరు, మనుషులు వేరు. రెజ్యూమేలో మాత్రం రెండింటికీ హెల్త్‌కేర్ అనే రాస్తారు, ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

ఫార్మా సంగతి క్లుప్తంగా. అమెరికాకు మందులు పంపే కర్మాగారాలు హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి కాబట్టి ఇది మనకు దగ్గరి పరిశ్రమ. అక్కడ ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా పెట్టిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నియమం వల్ల ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో చెరగకుండా నిలవాలి. స్క్రీన్‌లో ఒక్క ఫీల్డు మార్చినా దాని వెంట పరీక్ష పత్రాలు, సంతకాలు నడుస్తాయి. వారానికి రెండు రిలీజులు చేస్తే గానీ ఊపిరాడని వాళ్ళు ఇటు రావొద్దు. రాసినదాన్ని పదిసార్లు సరిచూసుకునే స్వభావం ఉన్నవాళ్ళకు ఇది నెమ్మదైన, గట్టి చోటు.

కాగితం వెనకవైపు పన్నెండు గళ్ళు గీసి ఆ పరిశ్రమ పంచాంగం రాయండి. అమెరికా రిటైల్‌లో నవంబరు థాంక్స్‌గివింగ్‌కి ముందే కోడ్ ఫ్రీజ్, అంటే కోడ్‌లో మార్పులు ఆపేస్తారు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరికలు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా, అంటే దీపావళి సెలవు చాలాసార్లు అందులోనే పడుతుంది. మన బ్యాంకులకు మార్చి 31. జీఎస్టీ సాఫ్ట్‌వేర్‌లో నెలనెలా రిటర్న్ వేసేవాళ్ళ కోసం 11, 20 తేదీలు. డిసెంబరుతో ఏడాది ముగించే కంపెనీల ఈఆర్‌పీ (కంపెనీ పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) ఫైనాన్స్‌లో జనవరి మొదటి పది రోజులూ ఇయర్ ఎండ్ క్లోజ్, అంటే ఏడాది లెక్కల ముగింపు. అది సాగితే భోగిమంట వీడియో కాల్‌లో చూడాల్సిందే. పెళ్ళయిన వాళ్ళు ఈ గళ్ళు ఇంట్లో కూడా ఒకసారి చూపించండి.

ఈ పరీక్షలో ఎక్కువమంది తప్పేది మూడు చోట్ల.

క్లయింటు పరిశ్రమను తమ పరిశ్రమ అనుకోవడం ఒకటి. బ్యాంకుకు ఐదేళ్ళు సెలవుల పోర్టల్ చూసినవారికి వచ్చింది హెచ్‌ఆర్. బ్యాంకింగ్ కాదు. పై ఐదు పెట్టెల్లో మీ కోడ్ ఏ పెట్టెలో ఉందో చూపించలేకపోతే దాన్ని లెక్కలోంచి తీసేయండి.

టూల్ పేరును డొమైన్ అనుకోవడం ఇంకొకటి. బీమా క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్ గైడ్‌వైర్ క్లెయిమ్‌సెంటర్‌లో స్క్రీన్లు మార్చడం వచ్చు, కానీ క్లెయిమ్ మీద రిజర్వ్‌కీ చెల్లింపుకీ తేడా అడిగితే తడబడతారు. రిజర్వ్ అంటే ఇంత ఖర్చవుతుందని అంచనా వేసి బీమా కంపెనీ పక్కన పెట్టిన మొత్తం. చెల్లింపు అంటే చేతికి వెళ్ళిన మొత్తం. ఈ తేడా తెలిస్తే టూల్ మారినా ఇబ్బంది లేదు.

మూడోది ఊపు చూసి దూకడం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల కంపెనీలు ఇంజనీర్లకు మంచి జీతాలు ఇచ్చాయి. తెలంగాణ వాటిని 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటా ఆపేసింది. సొంత రాష్ట్రంలో యాప్ తెరిస్తే పనిచేయకపోవడమే ముందస్తు సంకేతం. కాబట్టి కాగితం పైమూలన ఒక ప్రశ్న రాయండి: ఈ వ్యాపారాన్ని ఒక్క గెజిట్ ఆపేయగలదా? బీమా, బ్యాంకింగ్, ఫార్మాలో గెజిట్ వస్తే పని పెరుగుతుంది, ఈ ఆటల వంటి చోట్ల మాత్రం వ్యాపారమే పోతుంది.

వచ్చే పాఠానికి తెచ్చుకోవాల్సినవి: మూడు పరిశ్రమలకు మూడు కాగితాలు, ఒక్కోదానిలో కనీసం నాలుగు ఎర్ర గీతలు, ప్రతి ఎర్ర గీత పక్కన దాన్ని సరిచేసే మనిషి హోదా. ఆరు గంటల తర్వాత కూడా చెరగని ప్రశ్నార్థకాలను అలాగే ఉంచండి. నాలుగో పాఠంలో ప్రస్తుత ప్రాజెక్టు వదలకుండా ఆ పరిశ్రమలోకి జరగడమెలాగో చూస్తాం. ఎవరిని ఏ ప్రాజెక్టులో వేయాలో చూసే రిసోర్స్ మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ముందు బయటికి తీసేది ఆ ప్రశ్నార్థకాలనే.